బాల్ పైథాన్ పెట్టెలో వేడి: ప్రోబ్ ఎక్కడ ఉందన్నదే అసలు లెక్క

పాము పెట్టెలో హీటర్‌ను అదుపు చేసే థర్మోస్టాట్ తెర మీద 32 డిగ్రీలని కనిపిస్తోంది. అదే నిమిషంలో, పాము కొబ్బరి పొట్టులోకి దూరి పడుకున్న చోట, అడుగు గాజు మీద 45 ఉంది. రెండు అంకెలూ నిజమే. ప్రోబ్, అంటే థర్మోస్టాట్ కోసం వేడిని కొలిచే తీగ కొన, ఉన్న చోట 32, పాము ఉన్న చోట 45. థర్మోస్టాట్ తన పని సరిగ్గానే చేస్తోంది, కాకపోతే దానికి తెలిసింది ప్రోబ్ కొన తగిలిన ఆ ఒక్క చోటు మాత్రమే. పొట్ట పొలుసులు కాలి పశువైద్యుల దగ్గరికి వచ్చే పాముల విషయంలో తరచూ తేలేది ఇదే. సామాన్లు మంచివే, అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి, కొలత మాత్రం పాము లేని చోట జరిగింది.

ఇక్కడ చెప్పేవన్నీ బాల్ పైథాన్‌ను దృష్టిలో పెట్టుకున్నవి. అమెరికా, బ్రిటన్ ఇళ్లలో బాగా కనిపించే పెంపుడు పాముల్లో ఇదొకటి. పెట్టె పెద్ద పాముకు సరిపడేది, 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే. ఫారెన్‌హీట్ అలవాటైనవారికి గుర్తుగా: 24 అంటే 75, 27 అంటే సుమారు 80, 32 అంటే సుమారు 90.

పుట్టలో బతికే పాము

బాల్ పైథాన్ సొంత గడ్డ పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ లాంటి దేశాల గడ్డి మైదానాల్లో, పొలాల్లో ఉంటుంది. పగలు ఎలుక బొరియల్లోనో, పాడుబడ్డ చెదపుట్టల్లోనో గడిపి, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. బయట ఎండ మాడ్చేస్తున్నా పుట్ట లోపల వేడి అంతగా మారదు, తేమా నిలుస్తుంది. ఆఫ్రికా పాము కదా అని ఎడారి ఎండను తలపించే దీపం పెట్టేవాళ్లు ఇక్కడే పొరబడతారు. దీనికి కావలసింది మాడే ఎండ కాదు, స్థిరమైన వెచ్చదనం, పక్కనే తప్పించుకోవడానికి ఒక చల్లని మూల.

పాము ఒంట్లో మనలాగా సొంత వేడి పుట్టదు. తిన్నది అరగాలన్నా, రోగంతో ఒళ్లు పోరాడాలన్నా, కుబుసం సాఫీగా విడవాలన్నా బయటి వేడి ఆసరా కావాలి. చల్లటి పెట్టెలో ఎలుకను మింగిన పాము కడుపులో అరుగుదల మందగిస్తుంది. లోపలి ఎలుక అరగడానికి ముందే కుళ్లడం మొదలవుతుంది, నాలుగైదు రోజుల తర్వాత పాము దాన్ని కక్కేస్తుంది. చల్లదనం వారాల తరబడి సాగితే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. మరోవైపు ఒంటి వేడి 38 దాటితే ప్రమాదం మొదలైనట్టే, అక్కడి నుంచి నరాలు దెబ్బతినడానికి ఎక్కువసేపు పట్టదు. చలి పామును నెమ్మదిగా దెబ్బతీస్తుంది, వేడి గంటల్లో చంపుతుంది. ఏ సామాను కొనాలన్నా, ఏ అంకె పెట్టాలన్నా ఈ తేడాను దృష్టిలో ఉంచుకునే నిర్ణయించుకోవాలి.

లక్ష్యంగా పెట్టుకోవలసినవి ఇవి. వేడి వైపు, పాము దాక్కునే గూడు లోపల 31 నుంచి 33. పైనుంచి దీపం పడే రాయి మీద 35 దాకా ఫరవాలేదు. చల్లని వైపు గాలి 24 నుంచి 27. రాత్రి మొత్తంగా 24కు తగ్గినా ఇబ్బంది లేదు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము అప్పుడప్పుడు 22ను కూడా తట్టుకుంటుంది. మరో పెంపుడు పాము కార్న్ స్నేక్‌కు ఇదంతా రెండు మూడు డిగ్రీలు తక్కువ: వేడి వైపు 29 నుంచి 31, చల్లని వైపు 22 నుంచి 24, రాత్రి 20. రెండింటినీ ఒకే అంకెల మీద పెంచాలని చూస్తే ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతుంది.

ఎన్ని వాట్లు?

దుకాణాల్లో డబ్బా మీద ఉండే సిఫారసు పెట్టె పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అసలు చూడాల్సినవి రెండు: పెట్టె దేనితో చేశారు, గది ఎంత చల్లగా ఉంటుంది. చిన్న లెక్క వేస్తే తేడా తెలుస్తుంది.

పైన చెప్పిన పెట్టెకు ఆరు వైపులా కలిపి 3.6 చదరపు మీటర్ల ఉపరితలం. ఒక డిగ్రీ తేడాకు గాజు పెట్టె సుమారు 14 వాట్లు బయటికి పోగొట్టుకుంటుంది. 12 మిల్లీమీటర్ల నురుగు పీవీసీతో చేసిన పెట్టె సుమారు 8 వాట్లు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 9కి కాస్త ఎక్కువ. గాలి రంధ్రాల గుండా పోయేది దీనికి అదనం. లోపల సగటున 27 ఉండాలి, గదిలో 20 ఉంది అనుకుంటే తేడా 7 డిగ్రీలు. అంటే గాజుకు దాదాపు 100 వాట్లు, పీవీసీకి 56 వాట్లు. గది 15కు పడిపోతే అదే గాజు పెట్టెకు 170 వాట్ల దాకా కావాలి, గది 24లో ఉంటే 42 చాలు. గది వేడిలో నాలుగైదు డిగ్రీల మార్పు బల్బు మార్చినంత పని చేస్తుంది. శీతాకాలంలో రాత్రిళ్లు ఇంటి హీటింగ్‌ను 16కు తగ్గించుకుని, ఉదయానికి పాము పెట్టె చల్లబడిందేమని వాపోవడంలో అర్థం లేదు.

ఈ లెక్కకు రెండో ముఖం ఇంకా ముఖ్యం. 150 వాట్ల సిరామిక్ హీటర్ కొన్నారనుకుందాం. థర్మోస్టాట్ పాడై, లోపలి రిలే (కరెంటును కలిపి విడదీసే స్విచ్) అతుక్కుపోయి, హీటర్ ఆగకుండా వెలుగుతూనే ఉంది. గాజు పెట్టెలో సగటు వేడి గది కంటే 10 లేదా 11 డిగ్రీలు పెరిగి 31 దగ్గర ఆగుతుంది. పాము చల్లని వైపుకు వెళ్లి బతుకుతుంది. అదే హీటర్, అదే గది, పీవీసీ పెట్టె అయితే 19 డిగ్రీలు పెరుగుతుంది. సగటే 39. పాముకు తప్పించుకునే మూల మిగలదు. పీవీసీలో 80 వాట్లే ఉంటే ఎంతసేపు వెలిగినా సగటు 30 దగ్గర నిలిచిపోతుంది. "ఎందుకైనా మంచిదని పెద్దది తీసుకోండి" అనే సలహా వేడి విషయంలో తిరగబడుతుంది. మామూలు రోజున థర్మోస్టాట్ హీటర్‌ను సగానికి కాస్త పైన నడుపుతుంటే అది సరైన పరిమాణం. పది శాతం మీద నడుపుతుంటే హీటర్ మరీ పెద్దది, రోజంతా నూటికి నూరు శాతం మీద ఉంటే చిన్నది.

గాజు తొట్టికి పైన జాలి మూత ఉంటే ఈ లెక్కలో గాజు నష్టం చాలా చిన్నది అనిపిస్తుంది, వెచ్చటి గాలంతా నేరుగా పైకి పోతుంది. జాలిలో మూడొంతులు మూసి, దీపం కిందా, చివరన ఒక బెత్తెడు మేరా తెరిచి ఉంచితే వేడీ తేమా రెండూ నిలుస్తాయి. మూయడానికి దీపం దగ్గర అల్యూమినియం రేకు వాడాలి, ప్లాస్టిక్ కాదు.

ఏ హీటర్, దేనికి

హీట్ మ్యాట్, అంటే అడుగున పరిచే పలచటి కరెంటు చాప, తగిలిన చోటును వేడి చేస్తుంది, గాలిని దాదాపు వేడి చేయదు. చిన్న పాము, చిన్న ప్లాస్టిక్ డబ్బా, 24 దాటిన గది ఉంటే అది చాలు. అడుగులో మూడో వంతును మించి పరచకూడదు. పెద్ద పెట్టెలో మ్యాట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పొట్ట వెచ్చగా, ఊపిరి చల్లగా ఉండే పరిస్థితి వస్తుంది. మ్యాట్ మీద పొట్టు మందం ఒక సెంటీమీటరు దాటకూడదు. మొదట్లో చెప్పిన 45 డిగ్రీల గాజు ఇక్కడిదే. ఐదు సెంటీమీటర్ల కొబ్బరి పొట్టు దుప్పటిలా వేడిని కిందే పట్టి ఉంచుతుంది, ప్రోబేమో పొట్టు పైన ఉంది. పైన 32 వచ్చేదాకా థర్మోస్టాట్ మ్యాట్‌ను నడుపుతూనే ఉంటుంది, అడుగున వేడి పేరుకుంటూనే ఉంటుంది, పాము తవ్వుకుంటూ సరిగ్గా అక్కడికే దిగుతుంది. గాజు తొట్టి బల్లకు ఆనుకుని ఉంటే గాజు పగలడమూ మామూలే. తొట్టి కింద రబ్బరు కాళ్లు పెట్టి అర సెంటీమీటరు ఖాళీ ఉంచడం అందుకే.

సిరామిక్ హీటర్ వెలుగు ఇవ్వదు, గాలిని బాగా వేడెక్కిస్తుంది, కాబట్టి రాత్రికి పనికొస్తుంది. దాని ఉపరితలం 200 డిగ్రీలు దాటగలదు. ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది, పింగాణీ హోల్డరే వాడాలి. పెట్టె లోపల బిగిస్తే చుట్టూ ఇనుప పంజరం తప్పనిసరి. పంజరం కన్నాల్లో పాము తల పట్టకూడదు, పంజరానికీ హీటర్‌కూ మధ్య ఒక అంగుళమైనా ఎడం ఉండాలి.

హాలోజన్ ఫ్లడ్ బల్బు పగటిపూటకు మంచిది. దాని వేడి సూర్యుడి వేడికి దగ్గరగా ఉండి చర్మం కింద కండ దాకా దిగుతుంది. సిరామిక్ వేడి ఎక్కువగా పైపొరలోనే ఆగిపోతుంది. వెలుగు లేకుండా కాస్త లోతుకు దిగే వేడి కావాలంటే డీప్ హీట్ ప్రొజెక్టర్ దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. పీవీసీ పెట్టెల పైకప్పుకు బిగించే రేడియంట్ ప్యానెల్ పెద్ద పాములకు నిశ్చింతైన ఏర్పాటు, దాని ముఖం సిరామిక్ హీటర్‌లా నిప్పులు కక్కదు. ఎర్ర రాత్రి బల్బుల ప్రయోజనం మాత్రం అమ్మేవాళ్లకే. రాత్రి చీకటి పాముకూ కావాలి. ప్లగ్ పెట్టి వేడిచేసే కృత్రిమ రాయి ఉచితంగా వచ్చినా వద్దు. ఒకచోట తక్కువ, ఒకచోట విపరీతంగా వేడెక్కుతుంది.

హీటర్‌ను బట్టి థర్మోస్టాట్ ఉండాలి. మ్యాట్‌కు ఆన్-ఆఫ్ రకం చాలు. సిరామిక్‌కు కరెంటును చిన్న చిన్న విడతలుగా ఇచ్చే పల్స్ రకం మేలు, ఎందుకంటే విద్యుత్తు ఆగినా ఆ పింగాణీ దిమ్మలో వేడి చాలాసేపు ఉంటుంది, ఆన్-ఆఫ్ రకంతో వేడి పైకీ కిందికీ ఊగుతుంది. బల్బుకు కరెంటును మెల్లగా పెంచి తగ్గించే డిమ్మింగ్ రకమే కావాలి. పల్స్ పెడితే బల్బు మిణుకుమిణుకుమంటుంది, ఆన్-ఆఫ్ పెడితే త్వరగా మాడిపోతుంది. థర్మోస్టాట్ లేకుండా ఏ హీటర్‌నూ నడపకూడదు, "పగలు కొద్దిసేపే కదా" అనుకుని కూడా.

ప్రోబ్ ఎక్కడ పెట్టాలి

మ్యాట్ అయితే ప్రోబ్‌ను మ్యాట్‌కూ తొట్టి అడుగుకూ మధ్యనో, లోపల అడుగు మీద మ్యాట్ నడిమికి సరిగ్గా పైనో పెట్టాలి. పొట్టు పైన ఎప్పుడూ కాదు. బయట, మ్యాట్ దగ్గర పెట్టినప్పుడు అక్కడి అంకె లోపలి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. లోపల విడిగా థర్మామీటర్‌తో కొలిచి ఆ తేడాను కలుపుకోవాలి.

పైనుంచి వేడి వచ్చే పెట్టెలో సంగతి కొంచెం చిక్కు. దీపం నేరుగా పడే చోట ప్రోబ్ పెడితే ఆ నల్లటి కొనే కాగి, అంకె ఎక్కువ చూపిస్తుంది. మరీ దూరం పెడితే దీపం అదుపు తప్పుతుంది. వెచ్చటి వైపు గోడకు, నేల నుంచి పది సెంటీమీటర్ల ఎత్తున, దీపపు కాంతి వలయం అంచు దగ్గర బిగించడం మధ్యేమార్గం. ఇక్కడ ఒక మాట మనసుకు పట్టించుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది. థర్మోస్టాట్ మీద పెట్టే అంకె లక్ష్యం కాదు, అది ఒక మీట. లక్ష్యం రాయి మీదా, గూడు లోపలా ఉండే వేడి. మీట 29 దగ్గర ఉన్నప్పుడు రాయి మీద 34 వస్తే మీటను 29 దగ్గరే వదిలేయాలి, తెర మీద 32 కనిపించలేదని తిప్పుకుంటూ పోకూడదు.

సర్దడానికి పద్ధతి ఇది. పాము రాకముందే పెట్టెను పొట్టు, గూళ్లు, నీళ్ల గిన్నె అన్నీ పెట్టి ఖాళీగా నడపాలి. మీటను 28 దగ్గర ఉంచి రెండు మూడు గంటలు ఆగాలి. తాకకుండానే ఉపరితలం వేడిని చూపే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో రాయిని కొలవాలి, ఒక్కో డిగ్రీ చొప్పున పెంచుతూ ప్రతిసారీ అంతసేపు ఆగి చూడాలి. కావలసింది వచ్చాక మరో 48 గంటలు, ఒక రాత్రి చలీ ఒక మధ్యాహ్నపు వేడీ చూసేలా, ముట్టుకోకుండా వదిలేయాలి. గన్‌ను గాజు బయటి నుంచి గురిపెడితే అది గాజు వేడినే చూపిస్తుంది, తలుపు తీసి కొలవాలి. మెరిసే లోహం మీద కూడా దాని మాట నమ్మలేం. గాలి వేడిని అది చెప్పలేదు, దానికి ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ వైపుకొకటి ఉండాలి. గోడకు అంటించే గుండ్రటి ముల్లు థర్మామీటర్లు నాలుగైదు డిగ్రీలు తప్పు చూపించడం మామూలే. థర్మామీటర్ల నిజాయితీ తెలియాలంటే, నీళ్లు తగిలినా పాడవని ప్రోబ్‌లన్నీ నలగ్గొట్టిన మంచు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచి చూడాలి. అన్నీ సున్నాకు అటూ ఇటూ అర డిగ్రీలో ఉండాలి.

రాయి మీద కొలిచిన అంకె కూడా పాము వీపు మీద పడే వేడి కాదు. బల్బు రాయికి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, చుట్ట చుట్టుకున్న పెద్ద పాము వీపు 22 సెంటీమీటర్ల దూరంలోకి వచ్చేస్తుంది. దూరం ఆ మేరకు తగ్గితే పడే వేడి దాదాపు రెట్టింపవుతుంది. రాయి మీద ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున పలక ముక్క నిలబెట్టి దాని పైభాగాన్నీ కొలవడం ఈ పెద్ద తేడాను బయటపెడుతుంది. కొమ్మలు పెట్టిన పెట్టెల్లో ఇది మరీ అవసరం.

ప్రోబ్ కదలడం వల్ల వచ్చే అనర్థాలు చాలా ఉన్నాయి. పాము దాన్ని తోసుకుంటూ నీళ్ల గిన్నెలో పడేస్తుంది. నీళ్లు 24లో ఉంటాయి, థర్మోస్టాట్ పెట్టె చల్లగా ఉందనుకుని హీటర్‌ను పూర్తి జోరు మీద వదిలేస్తుంది. లేదా పాము ప్రోబ్ మీదే చుట్ట చుట్టుకుంటుంది, దాని మీదే విసర్జిస్తుంది. తీగను ప్రతి పది, పదిహేను సెంటీమీటర్లకు క్లిప్ పెట్టి మరలతో బిగించాలి, లేదా వేడి జిగురు చుక్కలతో పట్టించాలి. అంటుకునే టేపు పెట్టె లోపల ఎక్కడా ఉండకూడదు. పాముకు అంటుకుంటే లాగబోయి పొలుసులు ఊడదీస్తారు. అంటుకున్నప్పుడు వంటనూనె రాసి, నానబెట్టి, మెల్లగా తోక వైపుకు ఒలవాలి. తీగలు బయట గోడ ప్లగ్ దాకా నేరుగా కాకుండా, ప్లగ్ కంటే కిందికి ఒక వంపు వేలాడేలా ఉంటే తీగ వెంట కారే నీరు ప్లగ్‌లోకి చేరదు.

రెండో థర్మోస్టాట్ ఖర్చు దండగ కాదు. మొదటిదాన్ని రెండోదాని సాకెట్‌లో పెట్టి, రెండోదాని అంకెను మూడు డిగ్రీలు ఎక్కువగా ఉంచి, దాని ప్రోబ్‌ను వేరే చోట బిగిస్తే, ఒకటి అతుక్కుపోయినా ఇంకొకటి కరెంటు కోసేస్తుంది.

గూడు లోపల, గూడు పైన

బాల్ పైథాన్ బిడియస్తురాలు. దాక్కునే గూడు ఒక్కటే ఉండి అది చల్లని వైపు ఉంటే, ఒళ్లు చల్లబడుతున్నా దాక్కోవడానికే మొగ్గు చూపుతుంది. అందుకే రెండు వైపులా ఒకే రకం గూళ్లు, పాము చుట్ట చుట్టుకుంటే మూడు వైపులా గోడ తగిలేంత ఇరుకుగా ఉండాలి. వేడి వైపు గూడు పైకప్పు మీద 35 ఉంటే లోపల 28 మాత్రమే ఉండొచ్చు. మందపాటి ప్లాస్టిక్ గూడు దీపానికి గొడుగు పట్టినట్టవుతుంది. పలచటి రాతిపలక కప్పుగా ఉన్న గూడు వేడిని లోపలికి దించుతుంది. కొలత తీయాల్సింది గూడు లోపలే.

వేడి పెంచితే తేమ పోతుందన్నదాన్ని కూడా అంకెల్లోనే చూడాలి. చలికాలంలో 20 డిగ్రీల గదిలో 30 శాతం తేమ ఉన్న గాలిని, చుక్క నీరు కలపకుండా 31కి వేడి చేస్తే తేమ 16 శాతానికి పడిపోతుంది. బాల్ పైథాన్‌కు కావలసింది 60 నుంచి 80. ఫలితం కుబుసం ఒక్క తొడుగులా రాకుండా పేలికలుగా ఊడటం, కంటి మీది పొర మిగిలిపోవడం. నీళ్ల గిన్నెను వేడి వైపుకు జరపడం, పొట్టు మందం పెంచి అడుగు పొరలో నీళ్లు పోసి పైపొరను పొడిగా ఉంచడం పనిచేస్తాయి. పైనుంచి రోజుకు మూడుసార్లు పిచికారీ చేస్తే ఉపరితలం తడిసి, పొట్ట పొలుసులకు పుండ్లు వస్తాయి. పొట్టు మందం పెంచాలంటే కింద మ్యాట్ ఉండకూడదన్నది మరవకూడదు, ఆ రెండూ ఒకే పెట్టెలో పొసగవు.

పాము చెప్పేది

పాము రోజుల తరబడి వేడి వైపే అతుక్కుని ఉంటే చల్లని వైపు మరీ చల్లగా ఉందని అనుమానించాలి. ఎప్పుడూ చల్లని వైపే ఉంటే, లేదా నీళ్ల గిన్నెలోనే పడి ఉంటే వేడి ఎక్కువైందేమో చూడాలి. అయితే గిన్నెలో పడుకోవడానికి కుబుసం విడిచే సమయమో, ఒంటి మీద పురుగులో కూడా కారణం కావచ్చు. కళ్లు నీలంగా మసకబారాయా, నీళ్లలో నల్లటి చుక్కలు తేలుతున్నాయా అని చూస్తే తేలిపోతుంది. అటూ ఇటూ తిరుగుతూ తిన్న రెండు రోజులు వేడి వైపు, తర్వాత చల్లని వైపు గడిపే పాము పెట్టె బాగుందని చెబుతున్నట్టే.

ఎలుకను కక్కేస్తే వెంటనే మళ్లీ పెట్టకూడదు. ముందు కొలతలన్నీ సరిచూసి, కనీసం రెండు వారాలు ఆగి, మామూలు దానిలో సగం పరిమాణమున్న ఎలుక ఇవ్వాలి. నోరు తెరిచి ఊపిరి తీయడం, ఈల లాంటి శబ్దం, ముక్కు దగ్గర బుడగలు కనిపిస్తే పెట్టె వేడి సరిచేయడం ఒక్కటే సరిపోదు, సరీసృపాలు చూసే వైద్యుడు కావాలి. కాలిన గాయం మొదటి రోజు పొట్ట మీద లేత గులాబి మరకలాగే ఉంటుంది, దాని అసలు లోతు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. చిన్నదే కదా అని ఊరుకోకూడదు. పాము కాలుతున్నా ఎందుకు జరగదంటే, చల్లటి పెట్టెలో మిగతా ఒళ్లంతా ఇంకా వేడి కోసం తహతహలాడుతూ ఉంటుంది, తగిలిన పొలుసులు మాత్రం మాడుతుంటాయి. మిగతా పెట్టె చల్లగా ఉండబట్టే ఒక్క వేడి చోటు అంత ప్రమాదం.

కరెంటు పోయినప్పుడు

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకు లక్షల ఇళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. డాలస్ చుట్టుపక్కల ఎంతోమంది తెలుగువాళ్లు ఉన్న ప్రాంతమది. అలాంటప్పుడు మొదట గుర్తుంచుకోవలసింది, ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ కొన్ని గంటలు 20 దగ్గర ఉన్నా ఏమీ కాదు. అంతకు ముందు రెండు రోజుల్లో తిన్న పాముకే ముప్పు, కక్కేయవచ్చు. తుపాను సూచన ఉన్న వారంలో మేత పెట్టకపోవడం తేలికైన జాగ్రత్త.

పెట్టె చుట్టూ దుప్పట్లు కప్పి, ఒకవైపు గాలి రంధ్రాలు వదలాలి. చలి ఎక్కువైతే పామును దిండు గలీబులో వేసి ముడి కట్టి, థర్మోకోల్ పెట్టెలోకి మార్చాలి. చిన్న చోటును వెచ్చగా ఉంచడం సులువు. సీసాల్లో 40 డిగ్రీల నీళ్లు నింపి, తువ్వాలు చుట్టి, గలీబుకు ఒకవైపు మాత్రమే ఆనించాలి. రెండు మూడు గంటలకోసారి మార్చాలి, మార్చినప్పుడల్లా మూత తీసి గాలి ఆడనివ్వాలి. చేతులు వెచ్చబెట్టుకునే రసాయనిక పొట్లాలు లోపల వద్దు. అవి 50 డిగ్రీలు దాటతాయి, పైగా మూసిన పెట్టెలోని ప్రాణవాయువును వాడుకునే వేడెక్కుతాయి.

మన దగ్గర అయితే

ఇక్కడ ముందు చట్టం సంగతి. జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువ, రెండు తలల పాముగా పేరుపడ్డ ఇసుక పాము, ఇలా మన దేశపు పామును ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణతో అలాంటి జాతులు చట్టం నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. 2024 నియమాల ప్రకారం వాటిని కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేని పామును కొనడమంటే కేసును కొనుక్కోవడమే.

ఇక వేడి. విదేశం నుంచి తిరిగొస్తూ సామాన్లు తెచ్చుకునేవారికి ఒక హెచ్చరిక. అమెరికాలో 120 వోల్టులకు చేసిన 100 వాట్ల సిరామిక్ హీటర్‌ను ఇక్కడి 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే అది 350 వాట్లకు పైగా లాగుతుంది. బల్బు అయితే వెంటనే మాడిపోతుంది కాబట్టి గండం గడుస్తుంది, మ్యాట్ మాత్రం కొంతసేపు పనిచేస్తున్నట్టే నటించి నిప్పు పెట్టగలదు. ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు చతురస్ర తరంగం ఇచ్చే చవక రకంతో డిమ్మింగ్ థర్మోస్టాట్లు సరిగ్గా పనిచేయకపోవచ్చు, సైన్ వేవ్ రకం ఉండాలి.

ఆదిలాబాద్ చలికాలపు రాత్రుల్లో తప్పితే మన ప్రాంతంలో అసలు సమస్య పైనున్న అంకెది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో బయట 45 ఉన్నప్పుడు, మూసిన గదిలో 36, 37 నిలుస్తుంది. థర్మోస్టాట్ హీటర్‌ను ఆపగలదు కానీ పెట్టెను చల్లబరచలేదు. చల్లని వైపు 30 దాటిన రోజు హీటర్ల ప్లగ్‌లు తీసేసి, పెట్టెను నేలమట్టం గదిలో, పడమటి గోడకు దూరంగా, గచ్చు మీదికి దించాలి. హైదరాబాద్ పొడి వేడికి ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది. కోస్తాలో ఉక్కపోత వల్ల కూలర్ తేమనే పెంచుతుంది, అక్కడ ఏసీ గది ఒక్కటే దారి, అదీ 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా పెట్టె మీద పడకుండా. కరెంటు పోతే గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టె బయట, ఒక చివర పైకప్పు మీద ఉంచాలి. చల్లగాలి కిందికే దిగుతుంది. రెండో చివర ఖాళీగా వదిలితే, ఎటు ఉండాలో పాము చూసుకుంటుంది. లోపల 35 దాటి తగ్గడం లేదంటే పామును గలీబులో వేసి, వేళ్లకు చల్లగా కాక గోరువెచ్చగా తగిలే నీళ్లలో తడిపి పిండిన గుడ్డ చుట్టి, ఇంట్లో ఉన్న చల్లటి గదికి మార్చాలి. ఐసు నీళ్లలో ముంచితే ఆ దెబ్బకే పోవచ్చు.